తిరుగు ప్రయాణపు పాట: రెగే లయలో ‘ఊరెళ్ళిపోతా మామా’ – హిందూపురం, పెనుకొండ, ధర్మవరం నేపథ్యంలో పరిశీలన

వ్యాససంగ్రహం

రెగే సంగీతంతో పేరుపొందిన బృందాలు అమెరికా గ్రామీణ సంగీతమైన కంట్రీ బాణీని స్వీకరించిన సందర్భాలు ప్రపంచ సంగీత చరిత్రలో కనిపిస్తాయి. జమైకాకు చెందిన టూట్స్ అండ్ ద మేటల్స్ బృందం 1973లో పాడిన ‘టేక్ మీ హోమ్, కంట్రీ రోడ్స్’ వాటిలో ప్రసిద్ధమైనది. తెలుగులో దీనికి దగ్గరగా నిలిచేది హైదరాబాదు కేంద్రంగా పనిచేసే చౌరస్తా బృందం పాట ‘ఊరెళ్ళిపోతా మామా’. రెండూ సొంత ఊరికి తిరిగి వెళ్ళాలన్న కోరిక మీద నిలిచిన పాటలే. జమైకా గాయకుడు పాటలోని స్థలనామాన్ని మార్చి దానిని తనదిగా చేసుకున్నాడు. తెలుగు బృందం ఆ కోరికకు ఎదురుగా ప్రశ్నించే మరో గొంతును నిలిపింది. ఈ భేదానికి మూలం తెలుగు జానపద సంవాద గేయ సంప్రదాయంలో ఉందని, ఆ ప్రశ్నకు వలస ప్రాంతాలైన హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడు వేర్వేరు సమాధానాలు ఇస్తాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: రెగే, కంట్రీ, జానపద గేయం, సంవాద గీతం, వలస, రాయలసీమ, చౌరస్తా.

1. ప్రవేశిక

తెలుగు జానపద గేయాలపై జరిగిన పరిశోధన చాలావరకు సేకరణతో మొదలైంది. ఆచార్య బిరుదురాజు రామరాజు సిద్ధాంత గ్రంథం ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’ ఈ రంగానికి పునాది వేసింది. రాయలసీమకు సంబంధించినంతవరకు కలిమిశెట్టి మునెయ్య ‘రాయలసీమ రాగాలు’ ఆ కృషికి కొనసాగింపు. ఈ కృషి అంతటికీ ఆధారంగా ఒక నమ్మకం ఉంది. పాట ఊళ్ళో ఉంటుంది, పాడేవారు ఊళ్ళో ఉంటారు, పరిశోధకుడు ఊరికి వెళ్ళి దానిని రాసుకొని రావాలి అన్నదే ఆ నమ్మకం.

పాడేవారే ఊరు విడిచి వెళ్ళినప్పుడు ఈ పద్ధతికి చిక్కు ఏర్పడుతుంది. అనంతపురం జిల్లా దక్షిణ భాగం, అంటే 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన నేటి శ్రీ సత్యసాయి జిల్లా, ఈ చిక్కును స్పష్టంగా చూపే ప్రాంతం. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసే వేరుశనగ సీమ ఇది. దాని పక్కనే బెంగళూరు మహానగరం. విసుర్రాయి పాటలు, కలుపు పాటలు పాడవలసిన తరం భవన నిర్మాణ పనుల్లో, దుస్తుల కర్మాగారాల్లో, అద్దె వాహనాల నడపకంలో ఉంది. ఆ తరానికి పని పాట లేదు. చేతిలో ఫోను, అందులో వినే పాట మాత్రం ఉన్నాయి.

ఆ వినే పాట జానపద పరిశోధన పరిధిలోకి వస్తుందా? కర్త తెలిసిన పాట, స్టూడియోలో ధ్వనిముద్రితమైన పాట, పైగా విదేశీ లయలో నడిచే పాట కనుక రాదని చెప్పడం సులభం. అయితే ఆ పాట మాట్లాడే విషయం, మాట్లాడే తీరు జానపద గేయానివే అయినప్పుడు ఆ జవాబుతో సరిపెట్టుకోవడం కుదరదు. ‘ఊరెళ్ళిపోతా మామా’ అటువంటి పాట.

2. రెండు పల్లె సంగీతాలు: కంట్రీ, రెగే

‘కంట్రీ’ అన్న మాటకు ఇక్కడ దేశం అని కాక పల్లెపట్టు అని అర్థం. అమెరికా దక్షిణ రాష్ట్రాల శ్వేతజాతి గ్రామీణుల పాటల నుండి, ఐరోపా వలసదారులు తెచ్చుకున్న వాయులీన బాణీల నుండి, ఆఫ్రికా సంతతివారి బాంజో నుండి రూపొందిన సంగీతమిది. పొలం, దారి, రైలు, అమ్మ, విడిచివచ్చిన ఇల్లు దీనికి ఇష్టమైన వస్తువులు. 1960ల చివరలో యువ సంగీతకారులు దీనిని విద్యుత్ గిటార్‌తో, రాక్ డ్రమ్ములతో కలిపినప్పుడు ‘కంట్రీ రాక్’ ఏర్పడింది. ద బర్డ్స్ బృందం 1968లో వెలువరించిన ‘స్వీట్‌హార్ట్ ఆఫ్ ద రోడియో’ ఆ కలయికకు తొలి గుర్తుల్లో ఒకటి.

అదే 1968లో జమైకాలో మేటల్స్ బృందం ‘డూ ద రెగే’ అన్న పాటను విడుదల చేసింది. స్కా, రాక్‌స్టెడీ అనే ముందరి రూపాల నుండి అప్పుడే విడివడుతున్న కొత్త బాణీకి పేరు స్థిరపడింది ఆ పాటతోనే. రెగే కూడా పల్లె నుండి నగరానికి వచ్చినవారి సంగీతం. జమైకా గ్రామాల నుండి రాజధాని కింగ్‌స్టన్‌కు వలస వచ్చి పేదవాడల్లో స్థిరపడినవారు దానిని పెంచి పోషించారు.

ఈ రెండింటికీ పైకి సంబంధం లేదనిపిస్తుంది. అయితే అమెరికా రేడియో ప్రసారాల ద్వారా కంట్రీ పాటలు జమైకాకు చేరాయి. జిమ్ రీవ్స్ వంటి గాయకులకు అక్కడ విస్తారమైన శ్రోతలుండేవారు. కనుక రెగే గాయకుడు కంట్రీ పాటను అందుకోవడం పరాయి వస్తువును చేపట్టడం కాదు. చిన్ననాడు రేడియోలో విన్న పాటను తన లయలో మళ్ళీ పాడుకోవడమే. ఎదురు దిశలోనూ ఈ రాకపోకలు సాగాయి. కంట్రీ గాయకుడు విల్లీ నెల్సన్ 2005లో ‘కంట్రీమన్’ పేరుతో పూర్తి రెగే సంపుటిని వెలువరించాడు. అందులో టూట్స్ కూడా గొంతు కలిపాడు. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో 1978లో ఏర్పడిన రెగే బృందం యూబీ40, 2013లో ‘గెటింగ్ ఓవర్ ద స్టార్మ్’ సంపుటి కోసం కంట్రీ పాటలను ఎంచుకుంది. ఆ బృందం పేరు నిరుద్యోగ భృతి కోసం నింపే ప్రభుత్వ పత్రం పేరు. పని దొరకనివారి పత్రాన్ని పేరుగా పెట్టుకున్న బృందం ఊరు విడిచినవారి పాటల దగ్గరకు చేరడం గమనించదగినది.

3. టూట్స్ మార్చిన ఒక్క పేరు

‘టేక్ మీ హోమ్, కంట్రీ రోడ్స్’ పాటను బిల్ డానాఫ్, టాఫీ నివర్ట్, జాన్ డెన్వర్ కలిసి రాశారు. 1971లో డెన్వర్ గొంతులో అది ప్రపంచ ప్రసిద్ధి పొందింది. పాటలోని సొంతచోటు వెస్ట్ వర్జీనియా. అయితే ఆ పాటకు మొదటి ఊహ డానాఫ్, నివర్ట్‌లకు కలిగింది మేరీలాండ్ రాష్ట్రంలోని ఒక దారి మీద ప్రయాణిస్తుండగా. వెస్ట్ వర్జీనియా వారి సొంతచోటు కాదు. పాట ఛందస్సుకు, రాగానికి కుదిరిన పేరు అది. అయినా 2014లో వెస్ట్ వర్జీనియా ఆ పాటను తన అధికారిక రాష్ట్ర గీతాల్లో ఒకటిగా స్వీకరించింది. ఊహలో కట్టిన ఊరిని అసలు ఊరు తనదిగా అంగీకరించిన సందర్భమిది.

టూట్స్‌గా ప్రసిద్ధుడైన ఫ్రెడరిక్ హిబర్ట్ 1942లో జమైకాలోని మే పెన్‌లో జన్మించాడు. 1973 నాటి తన పాటలో అతడు ‘వెస్ట్ వర్జీనియా’ స్థానంలో ‘వెస్ట్ జమైకా’ అని మార్చాడు. ఈ మార్పు చిన్నది, కానీ నిర్ణయాత్మకమైనది. మే పెన్ జమైకా పశ్చిమ భాగంలో లేదు. అది దక్షిణ మధ్య ప్రాంతపు పట్టణం. అంటే టూట్స్ కూడా తన పుట్టిన ఊరి పేరు పెట్టలేదు. పాట నడకకు సరిపోయే పేరునే పెట్టాడు.

దీని నుండి ఒక సూత్రం తేలుతుంది. తిరుగు ప్రయాణపు పాటలో ఊరు ఒక స్థానం మాత్రమే. ఆ స్థానంలో ఎవరి ఊరినైనా నిలపవచ్చు. దానివల్లనే అటువంటి పాట ఒక దేశం నుండి మరో దేశానికి సులభంగా ప్రయాణిస్తుంది. అయితే ఊరి పేరు మారినా పాట చేసే వాగ్దానం మారదు. దారి తిన్నగా ఉంది, ఊరు తన చోట తాను ఉంది, వెళ్ళడమే తరువాయి అన్న నమ్మకం డెన్వర్ పాటలోనూ టూట్స్ పాటలోనూ ఒకటే.

4. తెలుగులో రెగే: చౌరస్తా

తెలుగులో చిత్రేతర గేయాలను సొంత బృందాలుగా ఏర్పడి పాడే ధోరణి 2010ల తరువాత అంతర్జాలం ఆధారంగా బలపడింది. ఆ ధోరణిలో చౌరస్తా బృందానిది ప్రత్యేక స్థానం. యశ్వంత్ నాగ్, రామ్ మిరియాల తదితరులు సభ్యులుగా సాగిన ఈ బృందం తన సంగీతాన్ని జానపద రెగేగా చెప్పుకుంది. 2020లో కరోనా వ్యాప్తి కాలంలో చేతులు కలపవద్దని, దూరం పాటించమని కోరుతూ వారు చేసిన పాట విస్తృత ప్రచారం పొందింది. రామ్ మిరియాల ఆ తరువాత చలనచిత్ర నేపథ్య గాయకుడిగా, ‘డీజే టిల్లు’ శీర్షిక గీతంతో స్వరకర్తగా కూడా పేరు తెచ్చుకున్నాడు.

‘ఊరెళ్ళిపోతా మామా’ ఈ బృందానికి గుర్తింపు తెచ్చిన పాటల్లో ముఖ్యమైనది. నగరంలో ఉన్న వ్యక్తి ఎర్రబస్సు ఎక్కి తన ఊరికి తిరిగి వెళ్ళిపోతానంటాడు. ఇంతవరకు ఇది డెన్వర్, టూట్స్ పాటల కోవలోనిదే. అయితే ఇక్కడ రెండవ గొంతు ప్రవేశిస్తుంది. ఏ ఊరికి వెళ్తావు, అక్కడ ఏముందని వెళ్తావు అని అది అడుగుతుంది. పాట మొత్తం ఈ కోరికకూ ఈ ప్రశ్నకూ మధ్య నడుస్తుంది. టూట్స్ పాట మార్చినది ఊరి పేరును. తెలుగు పాట మార్చినది వాక్య స్వభావాన్ని. నిశ్చయార్థకమైన వాక్యం పక్కన ప్రశ్నార్థకం వచ్చి నిలిచింది.

ఈ మార్పు బృందం ప్రతిభకు మాత్రమే చెందినది కాదు. తెలుగు జానపద గేయాల్లో సంవాద రూపం బలమైనది. బావామరదళ్ళ పాటలు, అత్తాకోడళ్ళ పాటలు, ఆలుమగల పాటలు ఒకరు అనగా మరొకరు అడ్డుచెప్పే తీరులోనే సాగుతాయి. కోలాటంలోను, చెక్కభజనలోను గురువు పాడిన చరణానికి బృందం వంత పాడుతుంది. ఒంటరి గాయకుడు తన మనసులోని మాటను తానే చెప్పుకోవడం కంట్రీ పాట పద్ధతి. పాటలో ఎదుట ఒక మనిషి ఉండడం, ఆ మనిషి ఊరకుండక మారుమాట చెప్పడం తెలుగు జానపద పద్ధతి. లయ జమైకా నుండి వచ్చినా పాట కట్టుబడి ఇక్కడిదే.

5. శీర్షికలోని మాటలు

పాట శీర్షికలోని మూడు అంశాలు భాషాపరంగా పరిశీలించదగినవి.

మొదటిది ‘ఊరు’. తెలుగులో విశేషణం లేకుండా ‘ఊరికి పోతున్నాను’ అంటే సొంత ఊరికి అనే అర్థం. నగరంలో ముప్ఫై ఏళ్ళు ఉన్నవాడు కూడా పండుగకు ‘ఊరికి’ పోతాడు. తానుంటున్న నగరం అతనికి ‘ఊరు’ కాదు. ఈ మాట కన్నడంలోనూ తమిళంలోనూ ఇదే రూపంలో, దగ్గరి అర్థంలో ఉంది. హిందూపురం నుండి గౌరిబిదనూరు మీదుగా బెంగళూరు చేరే వలసజీవి రాష్ట్ర సరిహద్దు దాటినా, భాషా సరిహద్దు దాటినా, ఈ ఒక్క మాటను మార్చుకోవలసిన అవసరం ఉండదు.

రెండవది ‘వెళ్ళిపోతా’. ‘వెళ్తా’ అన్నదానికీ ‘వెళ్ళిపోతా’ అన్నదానికీ అర్థభేదం ఉంది. ‘పో’ అనే సహాయక క్రియ చేరడం వల్ల పని పూర్తిగా జరగడం, తిరిగి రాకపోవడం అనే భావం కలుగుతుంది. పండుగకు ఊరికి వెళ్ళేవాడు ‘వెళ్ళిపోడు’, వెళ్ళి వస్తాడు. కనుక ఈ పాట సెలవుల ప్రయాణం గురించినది కాదు. నగరంతో తెగతెంపులు చేసుకోవడం గురించినది. హిందూపురం, ధర్మవరం ప్రాంతాల వాడుకలో ఇదే భావానికి ‘ఊరికి పోతాండా’ వంటి రూపాలు సహజం. ‘వెళ్ళు’ ధాతువు ఆ మాండలికానికి అంతగా పరిచితం కాదు. పాట భాష సీమ భాష కాకపోయినా సీమ శ్రోత దానిలో తన అనుభవాన్ని నిలుపుకోగలగడం ఇంతకుముందు చెప్పిన ‘స్థానం’ సూత్రానికి మరో నిదర్శనం.

మూడవది ‘మామ’. మేనమామ, పిల్లనిచ్చిన మామ, అక్క భర్త, కొన్నిచోట్ల సొంత భర్త కూడా ఈ పిలుపు పరిధిలోకి వస్తారు. నేటి యువకుల వాడుకలో ఇది మిత్రుణ్ణి పిలిచే మాట కూడా. కాబట్టి ఈ సంబోధన పాటలో ఏకకాలంలో రెండు లోకాలను సూచిస్తుంది. ఊళ్ళోని పెద్దరికం ఒకటి, నగరంలోని స్నేహం మరొకటి. ప్రశ్నించే గొంతు పరాయిది కాదని, అయినవాడే అడుగుతున్నాడని ఈ పిలుపు తెలియజేస్తుంది.

వీటికి తోడు పాటలోని ‘ఎర్రబస్సు’. నగరవాసుల వాడుకలో ‘ఎర్రబస్సెక్కి వచ్చినవాడు’ అన్నది పల్లెటూరివాణ్ణి తక్కువచేసే మాట. పాట ఆ వాహనాన్నే తిరుగు ప్రయాణానికి ఎంచుకున్నది. నగరానికి వచ్చినప్పుడు అవమానమైన బస్సు, నగరాన్ని విడిచేటప్పుడు ఆత్మగౌరవమైంది. నానుడిని తిరగవేసి వాడుకోవడం జానపదులకు అలవాటైన పద్ధతే.

6. ఖాళీగా వదిలిన దెబ్బ

ఈ పాటకు రెగే లయే ఎందుకు అన్న ప్రశ్న సహజం. రెగేలో నాలుగు దెబ్బల ఆవృత్తాన్ని తీసుకుంటే రెండవ, నాలుగవ దెబ్బల మీద గిటార్ లేదా కీబోర్డు పొట్టిగా, తెగగొట్టినట్టు మోగుతుంది. ‘వన్ డ్రాప్’ అనే ప్రధాన పద్ధతిలో డ్రమ్ము బరువంతా మూడవ దెబ్బ మీద పడుతుంది. పాశ్చాత్య జనరంజక సంగీతంలో సాధారణంగా బలంగా వినిపించే మొదటి దెబ్బ ఇక్కడ ఖాళీ.

సీమ చెక్కభజనలో పరిస్థితి దీనికి భిన్నం. అడుగు, చెక్కల మోత, పాట ఎత్తుగడ మూడూ ఒకచోట కలవడంలో ఆ కళ బలం ఉంది. అనంతపురం ప్రాంతానికి ప్రత్యేకమైన ఉరుముల వాద్యంలోనూ దెబ్బ గంభీరతే ప్రధానం. సామూహిక కళలకు ఇది అవసరం. అందరి పాదాలూ ఒకేసారి నేలను తాకాలంటే మొదటి దెబ్బ అందరికీ వినబడాలి.

రెగేలో మొదటి దెబ్బ ఖాళీ కావడం వల్ల అక్కడ పడిన మాట వాద్యం మోతలో మునిగిపోదు. తెలుగు పద్యపు కట్టుబాట్లయిన యతిప్రాసలు పాదం మొదటి రెండు అక్షరాలను ఆధారం చేసుకొనే ఏర్పడ్డాయి. గేయాల్లోనూ పాదాది అక్షరానికి ప్రాధాన్యం ఎక్కువ. అటువంటి భాషకు ఖాళీ దెబ్బ అనుకూలమైన చోటు. పైగా ఇది అడుగు కలిపి ఆడే బృందం పాట కాదు. బృందం చెదిరిపోయిన తరువాత మిగిలిన ఇద్దరి సంభాషణ. నేలను బలంగా తన్నే అడుగు లేకపోవడం ఈ పాట వస్తువుకు తగినది.

బయటి లయ తెలుగు రచనలోకి రావడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. ధర్మవరం రామకృష్ణమాచార్యులు బళ్ళారిలో సరస వినోదినీ సభ ద్వారా 1880లలో నాటక ప్రదర్శనలు సాగించి, సంచార నాటక సమాజాల ప్రభావంతో తెలుగు నాటకంలో పాటలకు చోటిచ్చాడు. ఆంధ్ర నాటక పితామహుడన్న కీర్తి ఆయనకు దక్కింది. నేడు నాటకంలో పాటను ఎవరూ పరాయిదిగా చూడరు. రెగే లయ విషయంలోనూ కాలం అదే తీర్పు చెప్పవచ్చు.

7. మూడు ఊళ్ళు, మూడు సమాధానాలు

ఏ ఊరికి వెళ్తావు అన్న ప్రశ్నను పాట నుండి బయటికి తీసుకొని నేల మీద నిలిపితే దాని లోతు తెలుస్తుంది. ధర్మవరం, పెనుకొండ, హిందూపురం ఉత్తరం నుండి దక్షిణానికి వరుసగా బెంగళూరు రైలుమార్గం మీద ఉన్న ఊళ్ళు. ఒకే దారి మీద ఉన్నా తిరుగు ప్రయాణం ఈ మూడింటిలో ఒకటి కాదు.

7.1 హిందూపురం

కర్ణాటకలోని నంది కొండల్లో పుట్టిన పెన్నా నది ఆంధ్రప్రదేశ్‌లోకి ప్రవేశించేది హిందూపురం ప్రాంతంలోనే. బెల్లం, చింతపండు, పట్టుగూళ్ళ విపణిగా ఈ పట్టణం ప్రసిద్ధం. బెంగళూరుకు సుమారు 100 కిలోమీటర్ల దూరం. తూముకుంట పారిశ్రామికవాడ వంటివి ఊరి చుట్టూ వెలిశాయి. ఇక్కడ ఊరికీ నగరానికీ మధ్య దూరం తగ్గుతూ వచ్చింది. వారాంతంలో వచ్చి సోమవారం తిరిగి వెళ్ళేవారికి ‘వెళ్ళిపోవడం’ అన్న క్రియ పూర్తి కాదు. వారు ఎప్పుడూ దారిలోనే ఉంటారు. ఏ ఊరికి వెళ్తావన్న ప్రశ్నకు హిందూపురం ఇచ్చే సమాధానం, ఊరే నగరం వైపు నడుస్తున్నది అని.

7.2 పెనుకొండ

1565 నాటి యుద్ధం తరువాత విజయనగర ప్రభువులు రాజధానిని మార్చుకున్నది పెనుకొండకు. అటువంటి ఊరు తరువాతి కాలంలో కోట గోడలు మిగిలిన చిన్న పట్టణంగా మారింది. పెనుకొండ మండలం ఎర్రమంచి వద్ద కియా కార్ల కర్మాగారం 2019లో ఉత్పత్తి ప్రారంభించింది. ఏడాదికి మూడు లక్షల కార్ల సామర్థ్యంతో మొదలైన కర్మాగారమది. పని కోసం ఊరు విడిచే ప్రాంతానికి పనే వచ్చి చేరింది. కర్మాగారం పక్కనుంచే 44వ జాతీయ రహదారి బెంగళూరుకు సాగుతుంది. ఇక్కడ తిరిగి వచ్చేవాడికి ఉపాధి అవకాశం ఉంది. అయితే అతడు విడిచి వెళ్ళిన వేరుశనగ చేను చేనుగా ఉండకపోవచ్చు. పెనుకొండ సమాధానం, ఊరు ఉంది కాని అది వేరే ఊరు అని.

7.3 ధర్మవరం

ధర్మవరంలో పరిస్థితి ఈ రెండింటికీ భిన్నం. పట్టుచీరల నేతలో పని ఇంటిలోనే ఉంది. గుంతమగ్గం ఇంటి నడుమ ఉంటుంది. భర్త నేస్తే భార్య కండెలు చుడుతుంది, ఇల్లంతా పనిలో భాగమవుతుంది. ఈ చీరలకు భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. 1985 నాటి చేనేత ఉత్పత్తుల రిజర్వేషన్ చట్టం కొన్ని రకాలను చేతిమగ్గానికే కేటాయించింది. అయినా మరమగ్గం మీద నేసిన నకలు తక్కువ ధరకు విపణిలోకి వస్తుండడం నేతకారుల ప్రధానమైన ఫిర్యాదు. ముడిపట్టు ధర పెరిగినప్పుడు ఆ భారం నేసేవాడి కూలి మీదనే పడుతుంది. ఇక్కడి మనిషి ఊరు విడవనక్కరలేదు. ఊళ్ళోనే, సొంత ఇంటిలోనే ఉండి తన వృత్తిని కోల్పోగలడు. తిరిగి వెళ్ళడానికి ఊరుంది, ఇల్లుంది. అందులో మగ్గం మోగుతున్నదా అన్నది ధర్మవరం ఇచ్చే సమాధానం. అది సమాధానం రూపంలో ఉన్న మరో ప్రశ్న.

2020 మార్చి 25న దేశవ్యాప్త లాక్‌డౌన్ అమలైనప్పుడు బస్సులు, రైళ్ళు నిలిచిపోయాయి. దేశమంతటా వలస కార్మికులు రహదారుల వెంట కాలినడకన ఊళ్ళకు బయలుదేరారు. పాటల్లో కోరికగా ఉన్న తిరుగు ప్రయాణం విపత్తుగా జరిగింది. ఏ ఊరికి, ఏముందని అన్న ప్రశ్న అప్పుడు పాటలోది కాదు, ప్రతి ఇంటిలోది. నగరం మళ్ళీ తెరుచుకోగానే వారిలో చాలామంది తిరిగి వెళ్ళవలసివచ్చింది. ‘వెళ్ళిపోవడం’ మళ్ళీ ‘వెళ్ళిరావడం’గానే మిగిలింది.

8. సీమ సాహిత్యంలో ఊరి ప్రశ్న

ఉన్న ఊరిలోనే లేని ఊరిని వెదకడం సీమ సాహిత్యానికి పాతదైన వస్తువు. పుట్టపర్తి నారాయణాచార్యులు పెనుకొండలో పెరిగి, పసితనం వీడకముందే ‘పెనుగొండ లక్ష్మి’ని రచించాడు. గత వైభవానికీ కళ్ళెదుటి శిథిలాలకూ మధ్య ఉన్న దూరమే ఆ కావ్య వస్తువు. తరువాతి కాలంలో ఆయన విద్వాన్ పరీక్షకు కూర్చున్నప్పుడు ఆ కావ్యమే పాఠ్యగ్రంథంగా ఉండడం సుప్రసిద్ధమైన విశేషం. విద్వాన్ విశ్వం ‘పెన్నేటి పాట’ నీరు లేని పెన్న ఒడ్డున బతికే పేదల కథ. పేరులోనే పాట ఉన్న ఆ కావ్యం పద్యాన్నీ గేయపు నడకనూ కలుపుకొని సాగుతుంది.

ఈ రెండు కావ్యాల్లోనూ కవి ఊళ్ళో నిలబడి మాట్లాడుతాడు. వైభవం పోయింది, నీరు పోయింది, కాని మనిషి అక్కడే ఉన్నాడు. ‘ఊరెళ్ళిపోతా మామా’లో మనిషి ఊళ్ళో లేడు. ఊరిని గురించిన దుఃఖం ఊరి బయటికి వచ్చింది. ‘పెనుగొండ లక్ష్మి’ నుండి నేటి బృందగానం వరకు ఒకే దుఃఖం పద్యం నుండి గేయానికి, గేయం నుండి రెగే లయకు మారుతూ వచ్చిందని చెప్పడానికి ఈ వరుస అవకాశమిస్తుంది.

9. పరిశోధనకు సూచనలు

ఈ పరిశీలన నుండి క్షేత్ర పరిశోధనకు మూడు సూచనలు లభిస్తాయి.

ఒకటి: బృందాల పాటలను జానపదానికి అనుకరణగా మాత్రమే చూసి తోసిపుచ్చరాదు. వాటిలో కర్తృత్వం ఆధునికం కావచ్చు, నిర్మాణం జానపదం కావచ్చు. ఈ రెండింటినీ విడివిడిగా గుర్తించడం అవసరం.

రెండు: లయను సాహిత్యం నుండి వేరుచేసి చూడరాదు. తెలుగు గేయ పరిశోధనలో మాత్రాగణాల లెక్క ఉంది. వాద్యం ఎక్కడ మోగుతుంది, ఎక్కడ మౌనంగా ఉంటుంది, ఆ మౌనంలో ఏ మాట పడుతుంది అన్న పరిశీలన కూడా అందులో చేరాలి.

మూడు: సేకరణ స్థలం మారాలి. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం చుట్టుపక్కల పల్లెల్లో వృద్ధ గాయనుల నుండి పాటలు సేకరించడం ఎంత తక్షణ అవసరమో, వారి మనుమలు బెంగళూరు నుండి వచ్చే రైలులో ఏ పాట వింటున్నారో, దానిలో ఏ ఊరిని తలచుకుంటున్నారో నమోదు చేయడం కూడా అంతే అవసరం. మొదటిదాన్ని మాత్రమే చేస్తే జానపదం ముగిసిన చరిత్రగా మిగులుతుంది. రెండవదాన్ని మాత్రమే చేస్తే దాని వేళ్ళు కనిపించవు.

ముగింపు

కంట్రీ పాటను రెగే బృందం పాడినప్పుడు మారేది లయ మాత్రమే కాదు. పాటలోని ఊరు ఎవరిది అన్న ప్రశ్న తలెత్తుతుంది. టూట్స్ ఆ ప్రశ్నకు తన దేశం పేరుతో సమాధానం చెప్పాడు. చౌరస్తా బృందం సమాధానం చెప్పకుండా ఆ ప్రశ్ననే పాటలో నిలిపింది. సంవాదం తెలుగు జానపద గేయానికి స్వభావం కనుక అది సాధ్యమైంది. హిందూపురంలో నగరం వైపు నడుస్తున్న ఊరు, పెనుకొండలో రూపు మారిన ఊరు, ధర్మవరంలో మగ్గం మోత కోసం చెవియొగ్గే ఊరు ఆ ప్రశ్నకు ఇంకా సమాధానాలు వెదుక్కుంటూనే ఉన్నాయి. ఆ సమాధానాలు పాటలుగా వస్తున్నంతకాలం వాటిని వినడం, నమోదు చేయడం, ఏ లయలో ఉన్నా తెలుగు గేయంగా గుర్తించడం తెలుగు పరిశోధన బాధ్యత.